అట్ట మీద ఏడు గ్రీజు చుక్కలు

గురువారం, మధ్యాహ్నం రెండు గంటలు
షెడ్డులో, నాన్న బల్ల దగ్గర

అమ్మా,

నీ కూతురు చేతులు జోడించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నాయనమ్మ క్షేమం, కుట్టుమిషను క్షేమం, పెరట్లో నువ్వు నాటి వెళ్లిన టమాటా మొక్కలు క్షేమం. అక్కడ నువ్వూ క్షేమంగా ఉండాలి. ఈ మాట ప్రతి ఉత్తరంలోనూ అలవాటుగా రాసేసేదాన్ని. ఇవాళ ఒక్కో అక్షరం ఒత్తి రాస్తున్నాను. నా సంగతి చివర్లో చెబుతాను.

ముందు ఒక్కటి విను. ఈ ఉత్తరం అందాక మన లారీ మహారాణిని ఒక్క అడుగు కూడా కదపకు. వెనక ఎడమ చక్రం ఆ బండికి సరిపడేది కాదు. లోడు ఎక్కించి ఉంటే దింపించెయ్యి. మనుషుల్ని ఎక్కించుకోకు. తాళం ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకో, లేకపోతే నీ చెయ్యి ఊరుకోదు. ఎందుకు అన్నది చెప్పడానికే మిగతా ఉత్తరమంతా.

నీ ఉత్తరం ఈ పొద్దున అందింది. చదివినప్పటి నుంచి మీ సొరంగం క్యాంపు ఆఫీసుకు పదకొండుసార్లు ఫోన్ చేశాను. వానకు తీగ తెగిందట, బాగుచేసేవాళ్లు రావాలట. అందుకే కలం పట్టుకున్నాను. నాలుగింటికి కూరగాయల వ్యాన్ మీ కొండ మీదికి బయలుదేరుతుంది. ఉత్తరం దాంట్లో పంపుతాను.

నువ్వడిగినవాటికి జవాబులు. నాయనమ్మ మాత్రలు వేసుకుంటోంది, కానీ ప్రతి పూటా నాతో బేరమాడి. "మీ అమ్మకి రాయి, నా మోకాళ్ల నొప్పులు బాగానే ఉన్నాయి, నేనే బాగాలేను" అంది. అన్నది అన్నట్టే రాశాను. పై కప్పు కారడం ఆగలేదు, గిన్నె మార్చాను. పరీక్షలు మూడు అయ్యాయి, రేపు పొద్దున నాలుగోది. బాగానే రాశాను. సున్నా దగ్గర సున్నా, చుక్క దగ్గర చుక్క పెట్టాను. ఈ మాట రాస్తుంటే సిగ్గుగా ఉంది, ఎందుకో కాసేపట్లో నీకే తెలుస్తుంది.

ఇక నువ్వు రాసిన చివరి పేరా. బడిలో పద్యం అప్పజెప్పినట్టు అది నాకు నోటికి వచ్చేసింది. "వెనక ఎడమవైపు నట్లు రెండు రోజులకోసారి వదులవుతున్నాయి. బిగిస్తూనే ఉన్నాను. మొన్న ఒక బోల్టు విరిగింది. ఏడుగురు అన్నదమ్ముల్లో ఒకడు అలిగి వెళ్లిపోయాడు, మిగిలిన ఆరుగురు కాపురం లాక్కొస్తారులే. శుక్రవారం తెల్లారి పాత జనరేటరు వేసుకుని దిగుతాను. సెలవుకు ఇళ్లకు పోయే ఎనిమిదిమంది పనివాళ్లు కూడా ఎక్కుతామన్నారు."

నువ్వు నవ్వుతూ రాశావు. నేను గుమ్మంలోనే నిలబడి మూడుసార్లు చదివాను. కొండ దిగే దారిలో పందొమ్మిది మలుపులున్నాయని నువ్వే లెక్క చెప్పావు. ప్రతి మలుపులోనూ బరువు ఎటు ఒరుగుతుందో కూడా నువ్వే చెప్పావు.

మొదటినుంచీ చెబుతాను. నీకు తెలిసినదే అయినా, తెలియనిది దాని మధ్యలో ఉంది.

పాత రిమ్ము బోల్టు రంధ్రం నుంచి రంధ్రానికి పగిలినప్పుడు, ఆ బండి చేసిన కంపెనీ మూతపడి ఎన్నేళ్లయిందో మనకు తెలీదు. చక్రం ఎక్కే ఏడు బోల్టుల హబ్బు ఇంకెవరి బండికీ ఉండదని కూడా తెలీదు. మూడు నెలలు తిరిగాం. పాత ఇనుము కొట్లన్నీ తిరిగాం. ఒకాయన ఆరు బోల్టులది చూపించి "ఒకటి తక్కువే కదమ్మా, సర్దుకోండి" అన్నాడు. ఇంకొకాయన ఎనిమిదిది చూపించి "ఒక రంధ్రం గాలికి వదిలెయ్యండి, చల్లగా ఉంటుంది" అన్నాడు. "నీ నోట్లో కూడా పళ్లు ఇట్లాగే కట్టించుకున్నావా?" అని నువ్వు అడిగితే కొట్టంతా నవ్వారు. మూడో గేరు బాబాయ్ మాత్రం నవ్వలేదు. మన మెకానిక్ కదా, ఏ పనైనా మూడో గేరులోనే చేస్తాడు, నవ్వడం కూడా. "వదినా, ఇరుసు మొత్తం మార్చెయ్, లేదా బండి అమ్మెయ్" అన్నాడు. నాన్న పోయినప్పుడు కూడా అందరూ ఆ రెండో మాటే అన్నారు. అప్పుడు నువ్వు లైసెన్సు తెచ్చుకున్నావు. ఈసారి నా వైపు చూసి, "నువ్వు చదువుకున్నదానివి, రాసి చూడవే" అన్నావు.

అమ్మా, ఆ చూపు నాకెంత ఇష్టమో నీకు తెలీదు. ముప్ఫై ఎనిమిది ఉత్తరాలు రాశాను. ఒక్కో ఉత్తరంలో మహారాణిని ఒక్కోలా వర్ణించాను. "జతలేని చెప్పులా మిగిలిపోయిన మా బండి" అని ఒకచోట రాసి, ఆ వాక్యం నేనే నాలుగుసార్లు చదువుకున్నాను. ముప్ఫైమంది జవాబే ఇవ్వలేదు. ఏడుగురు లేదన్నారు. ఒక్కరు, ఆ చక్రాల పెద్దాయన, రంధ్రాలు వెయ్యని ఖాళీ రిమ్ములు తన దగ్గర ఉన్నాయనీ, అడిగినట్టు వేసిస్తాననీ రాశాడు. ఆయన ఉత్తరం నీకు చదివి వినిపించాను గుర్తుందా? సగమే వినిపించాను. మిగతా సగం ఇది.

"అమ్మాయీ, నీ రాత ముచ్చటగా ఉంది. కానీ నాకు కావలసింది మాటలు కాదు, ముద్ర. బోల్టుల మొనలకు గ్రీజు రాసి, దళసరి అట్ట తెచ్చి, హబ్బు మీద నిటారుగా అదిమి తియ్యి. ఆ అట్ట పంపు. అంకెలు పంపకు. ఏడు బోల్టులదాన్ని కొలవడం తెలిసినవాళ్లు తక్కువ."

ఆ సగం వినకుండానే నువ్వు కూడా అదే చెప్పావు. నువ్వే గ్రీజు రాశావు, ఇద్దరం కలిసి అట్ట అదిమాం, ఏడు నల్లటి చుక్కలు పడ్డాయి. "ఇది పంపెయ్" అని నువ్వు లోడుకు వెళ్లిపోయావు.

నేను పంపలేదు.

ఆ అట్ట మురికిగా ఉంది. నా ఉత్తరం తెల్లగా, అందంగా ఉంది. రెండూ ఒకే కవరులో పెడితే నా ఉత్తరానికి గ్రీజు అంటుకుంటుందని పక్కన పెట్టాను. అంతే కారణం. ఇంత చిన్న కారణమా అని నువ్వు అడుగుతావు. నేనూ పొద్దున్నుంచీ నన్ను నేను అదే అడుగుతున్నాను. పైగా లెక్కలు వచ్చు కదా అని గీరగా, ఒక చుక్క మధ్య నుంచి ఎదురు చుక్క మధ్యకు స్కేలు పెట్టాను. పందొమ్మిదిన్నర సెంటీమీటర్లు వచ్చింది. బోల్టుల వలయం అడ్డకొలత పందొమ్మిదిన్నర అని ముత్యాల్లాంటి అంకెల్లో రాసి పంపాను. "నీ మాట మీద వేస్తున్నాను" అని ఆయన జవాబిచ్చాడు.

ఆరు బోల్టులైతే ఒకదానికి ఎదురుగా ఇంకొకటి ఉంటుందమ్మా. ఎనిమిదైనా అంతే. ఏడింటికి ఎదురు ఉండదు. ఒక చుక్క నుంచి నేరుగా గీత గీస్తే అది అవతలి రెండు చుక్కల మధ్య ఖాళీలోకి పోతుంది. నేను కొలిచింది పక్కకు ఒరిగిన గీతను. అసలు కొలత ఇరవై. అర సెంటీమీటరు తేడా. నా చిటికెన వేలి గోరంత కూడా లేదు.

ఇంతవరకు తప్పు. తెలియక చేసినది. నువ్వు తిట్టి ఊరుకునేదానివి.

రిమ్ములు వచ్చిన రోజు షెడ్డు ముందు నువ్వు ఒకదాన్ని రెండు చేతులతో పైకెత్తి అందరికీ చూపించావు. టైర్ల కొట్టువాళ్లు, వెల్డింగు అన్న, టీ ఇచ్చే అక్క, అందరూ ఉన్నారు. "చూడండి, మా అమ్మాయి ఊరు కదలకుండా తెప్పించింది. వాళ్ల నాన్న పానాతో చెయ్యలేనిది ఇది కలంతో చేసింది" అన్నావు. నాన్న మాట నీ నోట విని ఎన్నాళ్లయిందో.

మర్నాడే నువ్వు క్యాంపుకు బయలుదేరాలి. బాబాయ్ జ్వరంతో పడుకున్నాడు. "నువ్వు వెళ్లి సామాను సర్దుకో, టైరు ఎక్కించి ఉంది కదా, చక్రం నేను బిగిస్తాలే" అన్నాను. నువ్వు వెళ్లావు. జాకీ ఎత్తి చక్రం పెట్టాను. ఎక్కలేదు. తిప్పి పెట్టాను. ఎక్కలేదు. అప్పుడే అర్థమైంది నాకు. అట్ట తీసి మళ్లీ చూడక్కర్లేకుండానే అర్థమైంది.

ఇంటికి పరిగెత్తి నీకు చెప్పాలి. నాలుగు వీధులు. నేను వెళ్లలేదు. నాన్న పెట్టెలోంచి గుండ్రటి ఆకురాయి తీశాను. ఏడు రంధ్రాలనూ బయటివైపుకు అరగదీశాను. రెండు గంటలు. ఇనుప పొడి నా గోళ్లలోకి వెళ్లింది. గుండ్రటి రంధ్రాలు కోడిగుడ్ల ఆకారంలోకి సాగాయి. చక్రం ఎక్కింది. నట్లు పెట్టగానే ఆ సాగిన భాగం కనిపించకుండా పోయింది. నట్టు ఒక అంచు మీదే ఆనుతోందని, రెండో అంచు కింద గాలే ఉందని నాకు తెలుసు. అయినా గ్రీజు పూసి తుడిచాను.

నువ్వు వచ్చి పానా మీదికెక్కి నిలబడి బిగించావు. "ఎలా కూర్చుందే?" అని అడిగావు.

"సరిగ్గా కూర్చుందమ్మా" అన్నాను.

నేను నేర్చుకున్న మాటలన్నింటిలో అంత అబద్ధపు మాట ఇంకోటి లేదు. ఇనుమును ఆకురాయితో సాగదీశాను, నిన్ను మాటతో మభ్యపెట్టాను. నువ్వు నా తల నిమిరి బండెక్కావు. వంద రూపాయల నోటు చేతిలో పెట్టి, "పుస్తకం కొనుక్కో" అన్నావు. కొనుక్కోలేదు. ఆ నోటు ఈ పొద్దుటిదాకా నా మంచం కింద, ఆ అట్ట కిందే ఉంది.

ఈ ఇరవై మూడు రోజులు ఏమనుకున్నానో తెలుసా? ఏమీ కాదులే అనుకున్నాను. రోజూ అలా అనుకోవడమే ఒక పనిగా పెట్టుకున్నాను. స్టెప్నీగా పెట్టిన రెండో రిమ్ముకు కూడా అదే తప్పు కొలత, దాన్ని నమ్ముకుని మార్చబోకు.

ఈ పొద్దున నీ ఉత్తరం చదివాక అట్ట తీసుకుని బాబాయ్ ఇంటికి వెళ్లి అన్నీ చెప్పేశాను. ఆయన మొదటిసారి టాప్ గేరులో మాట్లాడాడు. ఏమన్నాడో రాయను. తిట్లన్నీ అయ్యాక నా చెయ్యి పట్టుకుని ఫోను దగ్గరికి తీసుకెళ్లి చక్రాల పెద్దాయనకు కలిపాడు. పెద్దాయన బోల్టు ఎప్పుడు విరిగిందో అడిగాడు. తర్వాత, "ఒక బోల్టు విరిగాక మిగతావి వరసపెడతాయి అమ్మాయీ. అట్ట బస్సులో పంపు, వారంలో రిమ్ము నీ గుమ్మంలో ఉంటుంది. ఆ బండిని మాత్రం ఆపు. కాళ్లు పట్టుకునైనా ఆపు" అన్నాడు. అట్ట పదకొండు గంటల బస్సులో వెళ్లింది. దాంతోపాటు ఉత్తరం పెట్టలేదు.

ఇక్కడిదాకా రాశాక వ్యాన్ అన్న వచ్చాడు. పావు తక్కువ నాలుగు. బంగాళాదుంపల బస్తాలు ఎక్కించి, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, "ఇచ్చెయ్ చెల్లీ, గేటు దగ్గర పెట్టెలో వేస్తా" అన్నాడు.

"గేటు దగ్గరా? అమ్మ చేతికి ఇవ్వవా?"

"లోపలికి నన్ను రానివ్వరు. పెట్టె శనివారం తెరుస్తారు. అంతేగా, ఒక్క రోజేగా?"

అమ్మా, ఆయన ఎంత మామూలుగా అన్నాడో. నువ్వు శుక్రవారం తెల్లారే దిగుతావు.

"నన్ను తీసుకెళ్తావా అన్నా?"

"ఎక్కడ కూర్చుంటావు? ముందు సీట్లో వంకాయలున్నాయి."

"బస్తాల మీద."

"రేపు నీకు పరీక్ష కదూ? మీ నాయనమ్మ ఊరంతా చాటింది."

ఆయన నా మొహం చూసి, తువ్వాలు దులిపి ఒక బస్తా మీద పరిచాడు. నాయనమ్మకు టీ అక్క తోడుంటానంది. విషయం చెబితే నాయనమ్మ ఏడవలేదు, కసరలేదు. "పోవే. పరీక్ష మళ్లీ వస్తుంది. కోడలు మళ్లీ రాదు" అంది. నీ ముందు ఆ మాట ఎప్పుడైనా అందా? అనదు. అందుకే రాశాను.

వ్యాన్ అన్న వచ్చాక జరిగినదంతా బస్తా మీదే రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతున్నాయి, పోనీ. నోటితో చెప్పబోతే మళ్లీ ఏదో అందమైన మాట అడ్డం పెట్టుకుంటానని భయం. అందుకే తెల్లారి నువ్వు గేటు దగ్గరికి రాగానే ఈ కాగితాలు నీ చేతిలో పెట్టి, నువ్వు హెడ్‌లైట్ వెలుగులో చదువుతున్నంతసేపూ మహారాణికి ఎదురుగా నిలబడతాను. చదివాక తిట్టు. చెయ్యి చేసుకో. ఇంటికి వచ్చాక ఏడాది మాట్లాడకపోయినా సరే. హారన్ మాత్రం కొట్టకు. నేను కదలను.

ఇట్లు,
ఈ ఒక్కసారి నీ దారికి అడ్డం రాబోతున్న
నీ కూతురు