టాపెట్లా, బేరింగా?

గుడివాడ, మంగళవారం

నాన్న పాత కారు ఇంజన్‌లో ఇవాళా టకటక. పెద్ద స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాడు.

"పైన టాపెట్లేనమ్మా, కాస్త వదులయ్యాయి, భయమేం లేదు. రేపు పక్కింటి పెళ్లికూతుర్ని కోడూరులో దింపి రావచ్చు. నీ పాలిటెక్నిక్ ఏమంటుందో?" అని నవ్వుతూ స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చాడు.

పైన ఏమీ వినపడలేదు. కింద ఆనిస్తే సుత్తితో కొట్టినట్టుంది. అది బేరింగ్ అరిగిన చప్పుడు. దారిలో ఇంజన్ పట్టేస్తుంది.

చెప్పబోతుంటే అమ్మ వంటింట్లోంచి నాన్నని రెండుసార్లు పిలిచింది. ఆయన తల తిప్పలేదు. ఒకప్పుడు మెకానిక్కులు నాన్నకి వినిపించాకే ఇంజన్ విప్పేవారు.

"టాపెట్లేగా?" అన్నాడు.

"అవును నాన్నా," అనేశాను.

ఇంజన్ సంగతైతే పొద్దున్నే చెప్పగలను. చెవి సంగతి ఎలా చెప్పను? కారు తాళం మాత్రం నా దిండు కింద ఉంది.