వంటమేస్త్రి ఖాళీ కడుపు

వంటమేస్త్రి గారికి,

ఎండోస్కోపీ విభాగం గుమాస్తా రాయునది. మంగళవారం ఉదయం ఎనిమిదింటికి మీ కడుపులోకి కెమెరా పంపి చూస్తారు. అంతకుముందు ఎనిమిది గంటలు ఏమీ తినకూడదు. కట్టుడు పళ్లుంటే తీసెయ్యాలి. మత్తిస్తారు కాబట్టి ఇంటికి తీసుకెళ్లడానికి ఒక మనిషిని వెంట తెచ్చుకోవాలి.

ఇట్లు,
పని తెమలని గుమాస్తా

తా.క. ఏమీ తినకూడదంటే ఏమీ తినకూడదనే. అందులో వేరే అర్థాలు వెతకొద్దు.

*

గుమాస్తమ్మ గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివాక కడుపు ఇంకాస్త మండింది. మాది భోజన హోటలు. ముప్పై ఏళ్లుగా రోజూ ఏడింటికి గుమ్మం దగ్గర బల్ల వేసుకుని, అందరూ చూస్తుండగా మొదటి పళ్లెం నేనే తింటాను. "వంటవాడు తిన్నాకే వడ్డన" అని బోర్డు కూడా పెట్టాం. నేను తినకపోతే, కూరలో ఏం పడిందోనని జనమంతా ఎదురు హోటలుకు పోతారు. ఆ ఎదురువాడికి కావలసిందీ అదే. అందుకని ఏడింటికి తినేసి ఎనిమిదింటికి వస్తాను. కెమెరాని కాస్త పక్కనుంచి పోనివ్వండి.

ఇట్లు,
మిమ్మల్నే నమ్ముకున్న వంటమేస్త్రి

తా.క. కుదరదంటే నా బదులు మా బావమరిది పస్తుంటాడు. పనీపాటా లేకుండా మూడు పూటలా మెక్కుతున్నాడు, ఈ వంకనైనా ఒక పూట ఆగుతాడు.

*

మేస్త్రీ గారూ,

ఒకరి కడుపు చూడటానికి ఇంకొకరు పస్తుండే పద్ధతి మా దగ్గర లేదు. అయినా డాక్టరు గారిని అడిగాను. ఆయన పడీపడీ నవ్వి, ఆనక పని పాడుచేశానని నన్ను కేకలేశారు. కడుపులో మెతుకు కనిపిస్తే పరీక్ష ఆపి ఇంటికి పంపేస్తారు. ఆ పూట హోటలు మూసుకోండి. అన్నట్టు, మీరు నింపిచ్చిన వివరాల కాగితంలో "రోజూ ఎక్కడ తింటారు" అన్న గడి ఖాళీగా వదిలేశారు. నింపి పంపండి.

ఇట్లు,
మీ వల్ల తిట్లు తిన్న గుమాస్తా

తా.క. మీ బావమరిది నిన్న వచ్చి, పస్తుంటే సాయంత్రం భోజనం మీరే పెడతారా అని అడిగి వెళ్లాడు.

*

అమ్మా,

ఆ గడి దగ్గరే నా ప్రాణం ఇరుక్కుంది. ఇది మూడో కంటికి తెలియకూడదు. పొద్దున తినే ఆ ఒక్క పళ్లెం నలుగురి కోసం. మధ్యాహ్నం మాత్రం తలకు తువ్వాలు చుట్టుకుని, ఎదురు హోటలు వెనక వసారాలో తింటాను. అక్కడ వడ్డించే ముసలాయనకు చూపు ఆనదు. ఇలా పద్నాలుగేళ్లయింది. ఏం చెయ్యను, నా చేతి వంట నాకు సయించదు. ఈ సంగతి బయటికి పొక్కితే జనం నా బోర్డు పీకి పొయ్యిలో పెడతారు. నిజంగా భయంగా ఉందమ్మా. గడిలో "మా హోటల్లోనే" అని రాసుకోండి.

వెంట రమ్మంటే బావమరిది పొద్దున్నే లేవలేనన్నాడు. ఎదురువాడు అది విని, "నేనొస్తాలేవోయ్" అన్నాడు. వాడి కడుపులో ఏముందో తెలీదు. వద్దంటే అనుమానపడతాడని సరేనన్నాను. 

ఇట్లు,
మీ చేతిలో పరువున్న వంటమేస్త్రి

తా.క. వాణ్ణి ఆ కెమెరా బొమ్మ కనిపించే తెర దగ్గరికి రానివ్వకండి. వాడి కూరను ఏ స్థితిలో ఉన్నా గుర్తుపడతాడు.

*

మేస్త్రీ గారూ,

మీ కడుపు శుభ్రంగా ఉంది. పుండు లేదు, కాస్త మంట ఉంది, మందులు రాశారు. కూర ఎవరిదో చెప్పే కెమెరా ఇంకా రాలేదు.

చిక్కల్లా మీరు చెప్పినట్టే నేను నింపిన ఆ గడితోనే వచ్చింది. డాక్టరు గారు అది చూసి, "ఈయన్ని నెల రోజులు తన హోటల్లో తిననివ్వకండి" అని చీటీ రాశారు. మీరు మత్తులో ఉన్నారు కాబట్టి చీటీ మీ వెంట వచ్చినాయన చేతికి వెళ్లింది. ఇంకేముంది, సాయంత్రానికి వీధంతా చాటుతాడనుకున్నాను. ఆయన మాత్రం చీటీని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచి, "నాకూ ఆర్నెల్ల నుంచి ఇదే మంట, నన్నూ రాసుకోండి" అన్నాడు.

కాగితం ఇచ్చాను. ఆ గడి దగ్గరికి వచ్చేసరికి కలం ఆగిపోయింది. ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుని, మీ హోటలు పేరు రాశాడు. పదకొండేళ్లుగా మనిషిని పంపి మీ దగ్గర్నుంచి క్యారేజీ తెప్పించుకుంటున్నాడట. తన వంట తనకు సయించదట. చెప్పనన్నాను గానీ, రాయనని అనలేదు.

వచ్చే మంగళవారం ఆయన పరీక్ష. వెంట వచ్చే మనిషిగా మిమ్మల్నే రాశాడు.

ఇట్లు,
ఇద్దరి గుట్టూ మోస్తున్న గుమాస్తా

తా.క. మధ్యాహ్నాలు నేను ఒకరోజు మీ దగ్గర, ఒకరోజు ఆయన దగ్గర తినేదాన్ని. నిన్నటి నుంచి ఇంటి డబ్బా తెచ్చుకుంటున్నాను.