పదో మనిషి

అత్తగారూ,

మీరు పోయి నేటికి ఏడాది. మీ పేరిట మీ అబ్బాయి ప్రార్థన చదవాలంటే, మీ యూదుల ఆచారం ప్రకారం ప్రార్థనా మందిరం సినగాగ్‌లో పదిమంది ఉండాలి. జెర్సీ సిటీలో మంచు పడి తొమ్మిదిమంది మగవాళ్లే వచ్చారు.

ప్రార్థన నడిపించే రబ్బీ నావైపు తిరిగి, "ఈ ఏడాది నుంచి ఆడవాళ్లనీ లెక్కిస్తున్నాం. నువ్వు ఉంటావామ్మా?" అని అడిగాడు.

"అమ్మ ఒప్పుకునేది కాదు," అని గొణిగాడు మీ అబ్బాయి.

నిజమే. నేను మీ మతం పుచ్చుకున్నాక కూడా "ఆ ఇండియా పిల్ల మనది కాదు" అన్నారు మీరు.

"అందుకే ఉంటాను," అన్నాను.

నేను లేచి వెళ్లిపోతే మీకు ప్రార్థన లేదు. వెళ్లలేదు. మీరు కాదన్న కోడలి గొంతు మీకు వినపడి తీరాలని, ప్రార్థనలో ప్రతిసారీ "ఆమెన్" అని గట్టిగా చెప్పాను.