మూత లేని పొయ్యి

జనవరి 21, 2019. వోలొగ్దా

కాపా పిన్ని ఊరి నుంచి ఫోన్ చేసింది. మా అమ్మ చెల్లెలు. అసలు పేరు కపితొలీనా, ఆ పేరుతో పిలిస్తే పలకదు. కంట్లో పొర ముదిరిందట, వచ్చే నెల ఇక్కడి ఆసుపత్రిలో చూపించుకోవాలట. అయితే ఫోన్ చేసింది అందుకు కాదు. నేను చేసిన బొమ్మరిల్లు ఫోటో ఎవరో చూపించారట. ఏమే తాస్యా, ఊళ్ళో వాళ్ళ ఇళ్ళన్నీ చేసిపెడతావు గానీ మనిల్లు ఒక్కటి చెయ్యవేమే, అంది. ఆల్యా ఉన్నప్పటి ఇల్లు. కళ్ళు పూర్తిగా పోయేలోగా ఒక్కసారి చూసుకుంటానంది.

చేస్తానన్నాను. 

పెట్టేసే ముందు ఇంకో మాట అంది. అన్నీ చెయ్యి, పొయ్యికి మూత మాత్రం పెట్టకు.

జనవరి 22

ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

1983 ఫిబ్రవరి. నాకు ఎనిమిదేళ్ళు, పిన్ని కూతురు ఆల్యాకి పది. అమ్మకి ఆపరేషన్ అని నన్ను పిన్ని దగ్గర దింపారు. పిన్ని మూడింటికే లేచి పొయ్యి వెలిగించి, నాలుగున్నరకి పాలు పితకడానికి ఫారానికి వెళ్ళేది. మా వైపు పొయ్యి అంటే మంచమంత ఇటుక కట్టడం, మేమిద్దరం దాని మీది వెచ్చటి అరుగు మీద పడుకునేవాళ్ళం. నిప్పుల మీద నీలి మంట ఆడుతున్నంతసేపూ పొగగొట్టం మూత వెయ్యకూడదు. మా వైపు పిల్లలకి అక్షరాల కంటే ముందు ఇది నేర్పుతారు. మూత వేస్తే వెచ్చదనం ఇంట్లోనే ఉంటుంది. విషగాలీ ఇంట్లోనే ఉంటుంది, దానికి వాసన ఉండదు.

ఆ ఉదయం ఎవరో తొందరపడి మూత వేశారు. ఎనిమిదింటికి పిన్ని తిరిగొచ్చేసరికి నేను గడప మీద పడి ఉన్నాను, తలుపు జానెడు తెరిచి ఉంది. ఆల్యా పొయ్యి మీదే ఉంది.

మూత నేనే వేసి వెళ్ళాను, కట్టెలు కలిసొస్తాయనుకున్నాను, అని పిన్ని డాక్టరమ్మకీ పోలీసుకీ ఊరికీ చెప్పింది. ముప్పై ఆరేళ్ళుగా ఊళ్ళో ఆమె పేరు పిసినారి కాపా. కట్టెలకి ఆశపడి కూతుర్ని చంపుకుంది అని షాపులో ఆమెకి వినపడేలాగే అనేవాళ్ళు. నేను విన్నాను.

కానీ నా కుడిచేతికి ఒక ఇనుప పిడి గుర్తుంది. స్టూలు మీద మునివేళ్ళ మీద నిలబడిన గుర్తుంది. ఇది జరిగిందా, తర్వాత నేను అల్లుకున్నానా? మనుషులు జ్ఞాపకాల్ని ఎలా అల్లుకుంటారో యూనివర్సిటీలో ఐదేళ్ళు చదివాను. నాకు మాత్రం ఆ చదువు అక్కరకు రాలేదు.

జనవరి 29

స్కేలు ఒకటికి పన్నెండు. గోడలకి లిండెన్ చెక్క, టీ డికాక్షన్‌తో ముదురు చేశాను. దుంగల మధ్య కుక్కడానికి నిజమైన నాచు. బెంచీలు రెండు, బల్ల ఒకటి. మూలన దేవుడి పటం తపాలా బిళ్ళంత, దాని మీద వేలి గోరంత లేసు. టీ నీళ్ళు కాగే సమోవార్‌కి పాత కోటు ఇత్తడి గుండీలు రెండు కలిపాను. మా ఆయన గ్లెబ్ లిఫ్టుల రిపేరు పని నుంచి వచ్చి భూతద్దంలో చూసి, పెళ్ళాం చేసిన సమోవారే ఇంత నిగనిగలాడుతుంటే పెళ్ళాం పెట్టే టీ ఎప్పుడొస్తుందో అన్నాడు.

పని బాగా సాగుతోంది. అదే భయంగా ఉంది.

ఫిబ్రవరి 3

పిన్ని బస్సు డ్రైవరు చేత పార్సెల్ పంపింది. చేప పెట్టి కాల్చిన రొట్టె. ఒక పొట్లంలో మట్టి, కూలిన పాత పొయ్యిది. దాంతోనే చెయ్యమని చీటీ. ఒక గుడ్డముక్క, నీలం మీద తెల్లచుక్కలు. ఆల్యా గౌను. దీన్ని దుప్పటి చెయ్యి అని రాసింది.

రొట్టె తినలేకపోయాను. గ్లెబ్ తిన్నాడు.

ఫిబ్రవరి 5

మట్టిని నీళ్ళలో నానబెట్టి, జల్లించి, బొటనవేలి గోరంత ఇటుకలు కోశాను. మూడు రోజుల పని ఒక్కరోజులో చేశాను. పొయ్యి లేచింది. సున్నం వేశాను. పైన అరుగు, దాని మీద చుక్కల దుప్పటి.

బొమ్మరింటి తలుపు బందు విరిగింది. ఇక తెరవక్కర్లేదులే అని జిగురుతో చౌకట్టుకి అతికించేశాను. కట్టర్ పెడితే తప్ప రాదు.

ఫిబ్రవరి 6

మూత చేశాను.

పిన్ని వద్దంది. తెలుసు. కానీ మూత లేని పొయ్యి ఆ ఇంటి పొయ్యి కాదు. మ్యూజియంలో పదహారేళ్ళు పనిచేసిన దాన్ని, ఉన్నదాన్ని లేదని చూపించడం నా చేత కాదు. ఇలా నాకు నేను చెప్పుకున్నాను. నిజం ఏమిటంటే ఆ పిడి పట్టుకుని చూడాలనిపించింది. హెర్రింగ్ చేపల డబ్బా రేకు, బఠానీ గింజంత. గుండుసూది తలతో పిడి. నలుపు కోసం గ్రాఫైట్ పొడి రుద్దాను. గొట్టంలోని గాడిలో పక్కకి జరిపితే తెరుచుకుంటుంది, లోపలికి నెడితే మూసుకుంటుంది.

తెరిచి ఉంచి పడుకున్నాను.

ఫిబ్రవరి 7, ఉదయం ఏడు

మూసి ఉంది.

ఫిబ్రవరి 8

మళ్ళీ మూసి ఉంది. గ్లెబ్‌ని అడిగాను. నా వేళ్ళు చూశావా, లిఫ్టు తాడు పట్టే వేళ్ళు, ఆ బఠానీని ముట్టుకుంటే ఇల్లంతా కూలుతుంది అన్నాడు. ఇల్లు కాచే తాత దెయ్యానికి చలేస్తోందేమో, మూలన ఓ చెంచా పాలు పెట్టవోయ్ అని నవ్వాడు. ఆయనకి ఆల్యా సంగతి తెలుసు. నా అరచేతి సంగతి తెలియదు. ఇరవై ఏళ్ళ కాపురంలో చెప్పలేదు.

ఫిబ్రవరి 11

మూసి ఉంది. గాడి వదులేమో అని పక్కన కాగితం ముక్క బిగించాను. నా పని బల్ల మట్టం చూశాను. కిందింటి వాళ్ళ వాషింగ్ మెషీన్ అదురు అనుకున్నాను. చదువుకున్న మనిషి ఎన్ని కారణాలు వెతకాలో అన్నీ వెతికాను.

ఫిబ్రవరి 12

పాలు పెట్టాను. ఎవరికీ చెప్పను.

ఫిబ్రవరి 14, ఉదయం ఆరున్నర

మూసి ఉంది. ఈసారి మూత చూశాక ఎందుకో నా చెయ్యి చూసుకున్నాను. కుడి బొటనవేలు, చూపుడువేలు. బూడిదరంగు. గ్రాఫైట్. నిన్న సాయంత్రం సబ్బుతో కడుక్కున్న చేతులు.

అంటే నేనే. నిద్రలో లేచి వెళ్ళి, తెలియకుండా. చేతికి దారి తెలుసు.

అరచెయ్యి చెబుతున్నది అబద్ధం కాదన్నమాట. అప్పుడూ నేనే. చలేసింది, దిగాను, స్టూలు లాక్కున్నాను, నీలి మంట ఉందో లేదో చూడకుండా నెట్టేశాను. ఆ మాట పిన్ని తన నెత్తిన వేసుకుంది.

ఫిబ్రవరి 17

ఆల్యా పోయిన రోజు. పని ముట్టలేదు.

ఫిబ్రవరి 19

రేపు పిన్ని వస్తోంది. చెప్పాలి. కళ్ళు పోయే మనిషికి ఇది చెప్పడం న్యాయమా అని ఒక గంట, చెప్పకపోవడం న్యాయమా అని ఒక గంట. ముప్పై ఆరేళ్ళు ఆ షాపులో ఆ మాటలు ఆమె పడింది, నేను కాదు. చేసిన మనిషి ఆమె ముందైనా ఒప్పుకోవాలి.

ఫిబ్రవరి 20

పిన్ని వచ్చింది, వెళ్ళింది. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

గుమ్మంలోనే బూట్లు విప్పుతూ, ఇంత చిక్కిపోయావేమే, మొగుడు తిండి పెట్టట్లేదా అంది. ఇంట్లో వంట ఆయనే చేస్తాడని తెలియక కాదు, గ్లెబ్‌ని ఆటపట్టించడానికి. డాక్టరు బాగానే ఉందన్నాడా అత్తయ్యా అని గ్లెబ్ అడిగితే, బాగుంటే నిన్ను చూడాల్సొస్తుంది కదరా నాయనా అంది. గ్లెబ్ నవ్వుతూ పనికి వెళ్ళిపోయాడు. పిన్ని అబద్ధం చెప్పేటప్పుడు తలగుడ్డ ముడి విప్పి మళ్ళీ కట్టుకుంటుంది. డాక్టరు ఏమన్నాడని నేను అడిగినప్పుడు, ఏం ఫరవాలేదన్నాడంటూ కట్టుకుంది. పేకాటలో కూడా అంతే, చిన్నప్పటి నుంచి చూస్తున్నాను.

బొమ్మరిల్లు ముందు కూర్చోబెట్టాను. ముక్కు ఆనేంత దగ్గరగా వంగి చూసింది. బెంచీలు, లేసు, సమోవార్ వేలితో ఒక్కొక్కటీ తాకింది. చుక్కల దుప్పటి దగ్గర వేలు ఆగింది. తర్వాత గొట్టం దగ్గరికి వెళ్ళింది. అక్కడ మూత తగిలింది.

వద్దన్నాను కదే, అంది. గట్టిగా అనలేదు.

అప్పుడు చెప్పేశాను. పిడి, స్టూలు, వేలికి అంటిన గ్రాఫైట్, అన్నీ. నేనే వేశాను పిన్నీ అన్నాను. నా గొంతు ఎనిమిదేళ్ళ పిల్ల గొంతులా వచ్చింది.

మూత మీంచి వేలు తీసింది. తర్వాత, పిచ్చిదానా, ఆ రోజు నీ చేతికి మసి ఉన్న మాట నిజమే, అంది. డాక్టరమ్మ వచ్చేలోగా నా ఆప్రన్‌తో తుడిచాను, వాళ్ళు చూస్తే నువ్వు ఇప్పుడు అనుకున్నట్టే అనుకుంటారని. కానీ నేను వచ్చేసరికి మూత తెరిచి ఉందే. తెరిచి! నేను వేసి వెళ్ళాను, నువ్వు తీశావు. ఆల్యా దుప్పటి సగం కిందికి వేలాడుతోంది, నువ్వే లాగావు, లేపడానికి. తర్వాత తలుపు దాకా పాకావు. అంతే జరిగింది. దాన్ని దించే బలం నీకెక్కడిదే, ఎనిమిదేళ్ళ పిల్లవి.

మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు అన్నాను. నువ్వు అడిగావా అంది. అడిగితే చెప్పేదాన్ని. నన్ను అందరూ తిడుతుంటే నువ్వు మాత్రం తిట్టడం లేదు, అదే చాలనుకున్నాను అంది.

నా తల పట్టుకుని దగ్గరికి లాక్కుంది. ఇద్దరం ఏడ్చాం. బస్సు వేళైంది. లేచి కోటు తొడుక్కుంది. గోటితో మూతని గాడిలోంచి లాగి జేబులో వేసుకుంది. ఇల్లు నీ దగ్గరే ఉండనీ, అది చూడటానికి వస్తుంటాను, ఇది మాత్రం నాది అంది.

అంటూ తలగుడ్డ ముడి విప్పి మళ్ళీ కట్టుకుంది.

బయట ఇరవై డిగ్రీల చలి. ఎవరైనా కట్టుకుంటారు.

ఫిబ్రవరి 21, ఉదయం ఏడు

నా చేతులు శుభ్రంగా ఉన్నాయి.

జిగురుతో అతికించిన బొమ్మరింటి తలుపు తెరిచి ఉంది, ఆ రోజులా సందు కాదు, పూర్తిగా. చుక్కల దుప్పటి పొయ్యి మీద లేదు. గడప అవతల, నా పని బల్ల అంచు దగ్గర ఉంది.