మార్తాండుడి శవం ఎవరూ చూడలేదు

చిలకలూరిపేట రోడ్డు,
ఫిబ్రవరి 11

‘ధూమకోట’ రాసిన ఇషాక్ గారికి, ప్రభువు మీ కళ్ళనీ చేతివేళ్ళనీ చల్లగా చూడాలని కోరుకుంటూ జక్రయ్య రాయునది.

అయ్యా, మీ పుస్తకం వెనక ఫోన్ నంబరు లేదు, అడ్రసు మాత్రం ఉంది. అందుకని చాలా ఏళ్ళ తర్వాత కవరు కొని రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకోండి. నేను మిరపకాయల షెడ్డులో మేస్త్రీని. ముప్పై మంది దాకా ఆడవాళ్ళు కాయలకి తొడిమలు తీస్తుంటారు. ఆ పని చేతులకే గాని చెవులకి ఉండదు. చెవులు ఖాళీగా ఉంటే పోట్లాటలొస్తాయి. అందుకని అన్నాలయ్యాక నేను పుస్తకం పైకి చదువుతాను. నా చదువు మా ఊరి బడిలో పదో తరగతి దాకానే. రాజుల పేర్ల దగ్గర తడబడితే వాళ్ళే అందిస్తారు. మీ ‘ధూమకోట’ ఆరు భాగాలూ ఇట్టాగే పూర్తయ్యాయి.

మా షెడ్డులో ఎవరు ఏడుస్తున్నారో, ఎవరికి ఘాటెక్కిందో చెప్పడం కష్టం. అందరి ముక్కులూ ఎప్పుడూ కారుతూనే ఉంటాయి. కానీ ఆరో భాగం చివర అగ్గిపాము తోకతో కొట్టి సేనాని మార్తాండుణ్ణి పొగలోయలో పడేసిన రోజు తేడా తెలిసింది. చేతులు ఆగిపోయాయి.

అప్పట్నుంచీ షెడ్డు రెండుగా చీలింది. మా పెద్దామె ఖాదర్‌బీ ఏమంటదంటే, “మాలో మొగుడు పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు గడప దాటదు. మరి రాణి హేమాంగి మార్తాండుడి పెళ్ళామేగా. ఆయన పడ్డ మర్నాడే గుర్రమెక్కి ఎట్టా పోయింది? మొగుడు బతికే ఉన్నాడని ఆవిడకి తెలుసు.” చర్చిలో పాటలెత్తుకునే రెబ్కాది ఇంకో మాట. “శవం చూపించలేదుగా. చూపించకపోతే పోయినట్టు కాదు.” మిగతావాళ్ళు పోయాడనే అంటున్నారు, కానీ గొంతులో బలం లేదు.

మీరొక్క ముక్క రాస్తే మా పని మేం చేసుకుంటాం.

కాయల మధ్య కూర్చుని ఎదురుచూస్తూ,
జక్రయ్య

తా.క. రోడ్డుకి అవతల షెడ్డువాళ్ళు సినిమా పాటల సౌండ్ బాక్సు పెట్టారు. ఏడో భాగం లేకపోతే మావాళ్ళు అటు పోతామంటున్నారు. మనుషుల్లేని షెడ్డుకి మేస్త్రీ దేనికని మా ఓనరు మొన్న నవ్వుతూ అన్నాడు. ఆయన నవ్వుతూ అన్నవన్నీ తర్వాత చేస్తాడు.


పొన్నూరు,
ఫిబ్రవరి 18

నా రాతని ముప్పై మందికి వినిపించిన మిరప మేస్త్రీ జక్రయ్య గారికి ఇషాక్ సలాములు.

మీ ఉత్తరం అందింది. ఫోన్ నంబరు వేయకపోవడం నేను చేసిన తెలివైన పని అనుకునేవాణ్ణి. అడ్రసు కూడా వేయకుండా ఉండాల్సింది.

మార్తాండుడు చనిపోయాడు. ఇందులో సందేహం లేదు. పొగలోయ లోతెంతో రాసిన నాకే తెలియదు. రాణి హేమాంగి సంగతి ఖాదర్‌బీ గారికి కాస్త నచ్చజెప్పండి. ఆమె ముస్లిమూ కాదు, క్రైస్తవురాలూ కాదు, హిందువూ కాదు. ఆమెది నేను కనిపెట్టిన దేశం. అక్కడ ఆడవాళ్ళు మర్నాడే గుర్రమెక్కుతారు. శవం అంటారా, ఆ రోజు పోయినవాళ్ళు నలభై వేల మంది. అందరినీ చూపించుకుంటూ కూర్చుంటే పుస్తకం అవుతుందా?

రైసుమిల్లులో గుమస్తాగా చేస్తూ, సెలవురోజుల్లో ఈ ఆరు భాగాలూ రాశాను. యుద్ధాలు చేసి చేసి విసిగిపోయాను. ఏడో భాగం లేదు. మీ షెడ్డుకి ఇంకెవరి పుస్తకమైనా చూసుకోండి.

మీ శ్రేయోభిలాషి, ఇక సెలవు కోరుతున్న
ఇషాక్

తా.క. జవాబు రాయొద్దు. మోకాలు నొప్పిగా ఉండి రెండ్రోజులు వాడరేవు పోతున్నాను. సముద్రం ముందు ఊరికే కూర్చుంటాను. అక్కడ నన్నెవరూ గుర్తుపట్టరు. ఇక్కడా పట్టరనుకోండి.


చిలకలూరిపేట రోడ్డు,
ఫిబ్రవరి 24

చెప్పకుండానే చెప్పిన ఇషాక్ గారికి, షెడ్డంతటి తరఫునా జక్రయ్య వందనాలు.

మీ ఉత్తరం రెండుసార్లు పైకి చదివాను. తాలుకాయలు ఏరి పక్కన పడేసినట్టు అవసరంలేని మాటలన్నీ తీసేశాం. మూడు మిగిలాయి. మోకాలు, సముద్రం, ఎవరూ గుర్తుపట్టకపోవడం.

రెబ్కా అక్కడికక్కడే కథ తేల్చేసింది. “లోయ అన్నాక అడుగున నీళ్ళుంటాయి. నీళ్ళు పోయి సముద్రంలో కలుస్తాయి. ఆయన మోకాలు విరిగి, కొట్టుకుపోయి, ఏదో రేవులో తేలాడు. ఇప్పుడు చేపలెండబెట్టుకుంటున్నాడు. ఆ పల్లెలో ఆయన్నెవరూ గుర్తుపట్టరు. అయ్యగారు ఆ రేవు చూసి రాసుకోడానికే వెళ్ళారు.” వింటున్నవాళ్ళు తొడిమలు తీసి కాయలు పారేసి, తొడిమల్ని కుప్పలో వేస్తున్నారు. నేను కేకేస్తే గాని తెలివి రాలేదు.

ఏడో భాగం లేదని మీరు రాసిన చోట ఎవరూ దిగులుపడలేదు. దాచే మనిషి లేదనే అంటాడని ఖాదర్‌బీ చెప్పింది. ఆవిడకి నలుగురు మనవలు.

మీరు సముద్రం బాగా చూసొచ్చారని ఆశిస్తూ,
జక్రయ్య

తా.క. మోకాలు ఎడమదా, కుడిదా? దీనిమీద షెడ్డు మళ్ళీ చీలింది.


పొన్నూరు,
మార్చి 3

ఎంత చెప్పినా వినని జక్రయ్య గారికి ఇషాక్ రాయునది.

ఎడమది. నాది. మార్తాండుడి మోకాళ్ళు రెండూ బూడిదయ్యాయి.

వాడరేవులో నేను చూసింది ఎండుచేపలు, ఆదివారం జనం, వాళ్ళ సెల్ఫీలు. ఒక సెల్ఫీలో వెనకాల నేను కూడా పడ్డాను. అంతకు మించి ఏమీ జరగలేదు. చేప అంటే చేపే జక్రయ్య గారూ. నేను రాసేటప్పుడు కూడా ఇన్ని అర్థాలు పెట్టలేదు. పెట్టి ఉంటే నాకు ఈపాటికి ఏదో ఒక శాలువా కప్పేవాళ్ళు.

ఏడో భాగం రాద్దామని కూర్చోలేదనుకుంటున్నారా? కాగితం ముందు కూర్చుంటే నిద్రొస్తుంది. మెలకువ వచ్చేసరికి కాగితం మీద నా చెంప గుర్తు తప్ప ఏమీ ఉండదు.

మీవాళ్ళకి మనసు కుదుటపడకపోతే ఒక పని చేయండి. మార్తాండుడికి నలభయ్యో రోజు జరిపించండి. మాలో పోయినవాళ్ళకి ఫాతిహా చదివి నలుగురికీ భోజనం పెడతారు, ఖాదర్‌బీ గారికి తెలుసు. తిన్నాక ఎవరికైనా నమ్మకం కుదురుతుంది. అంతటితో ముగిద్దాం.

విశ్రాంతి కోరుకుంటున్న
ఇషాక్

తా.క. ఆరో భాగం వచ్చినప్పట్నుంచీ మా ఇంట్లో కూరల్లో ఉప్పు తగ్గింది. మా ఆవిడ జైతున్‌బీ నా పుస్తకాలు చదవదు కాబట్టి కారణం వేరే అయ్యుంటుంది. బీపీ కోసం అనుకుంటున్నాను.


చిలకలూరిపేట రోడ్డు,
మార్చి 9

మంచి దారి చూపించిన ఇషాక్ గారికి జక్రయ్య వందనాలు.

నలభయ్యో రోజు మాట అందరికీ నచ్చింది. బతికున్నాడనే వాళ్ళకి కూడా నచ్చింది, భోజనం ఉంది కాబట్టి. మిగిలింది ఎక్కడ చేయాలన్నదే. పోయినవాడి ఇంట్లోనే చేయాలని ఖాదర్‌బీ పట్టుబట్టింది. మార్తాండుడికి ఇల్లేది? ధూమకోట తగలబడింది. అత్తగారి కోట రెండో భాగంలోనే కూలింది. ఆలోచించగా ఆలోచించగా ఆయన పుట్టింది మీ ఇంట్లోనే అని తేలింది.

కాబట్టి ఈ నెల ఇరవై తొమ్మిది ఆదివారం, మా ఆరాధన అయ్యాక అందరం పొన్నూరు వస్తున్నాం. గిన్నెలూ బియ్యమూ మేమే తెచ్చుకుంటాం. మీరు మాత్రం ఇంటిపెద్దగా కూర్చుని, ఆయన ఎట్టా పోయాడో అందరి ముందూ నోటితో చెప్పాలి. మీ మొహం చూస్తే నిజమో కాదో తెలుస్తుందని రెబ్కా అంటోంది. కూలీలు పనికి రాలేమన్నప్పుడు వాళ్ళ మొహాలు నేనూ అట్టాగే చూస్తాను.

త్వరలో మీ గుమ్మంలో కలుస్తానని,
జక్రయ్య

తా.క. ఉప్పు సంగతి చదివినప్పుడు ఆడవాళ్ళు ఒకటే నవ్వు. ఎందుకే అంటే ఒక్కరూ చెప్పలేదు.


పొన్నూరు,
మార్చి 16
(రిజిస్టర్డ్ పోస్టు)

మేస్త్రీ జక్రయ్య గారికి, దుఃఖంలో ఉన్న జైతున్‌బీ రాయునది.

మా వారు, ‘ధూమకోట’ రచయిత ఇషాక్ గారు, మొన్న శుక్రవారం హఠాత్తుగా కాలం చేశారు. కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. పావురం ఒకటి రెక్కలు విదిల్చింది. ఆయన ఒక్కసారి పడమటి దిక్కు చూసి కళ్ళు మూసుకున్నారు. ఏడో భాగం కూడా ఆయనతోనే పోయింది.

కనుక మీరంతా రానవసరం లేదు. వచ్చినా, ఈ ఎడమ మోకాలి నొప్పితో లేచి పలకరించే ఓపిక నాకు లేదు. నా చేతిరాత ఆయన రాతలాగే ఉందనుకోవచ్చు. ముప్పై ఏళ్ళ కాపురం కదా, కలిసిపోయింది.

శోకంతో,
జైతున్‌బీ

తా.క. ఇంట్లో ఇంకెవరూ లేనందున నేనే పోస్టాఫీసుకి నడిచి వెళ్ళి ఈ ఉత్తరం రిజిస్టరు చేసి వస్తున్నాను.

ఇంకో మాట. మార్తాండుడు నిజంగానే చనిపోయాడని ఆఖరిమాటగా మీకు చెప్పమన్నారు.


చిలకలూరిపేట రోడ్డు,
మార్చి 20

చెల్లెమ్మ జైతున్‌బీ గారికి, మీకు ధైర్యం దొరకాలని ప్రార్థిస్తూ జక్రయ్య రాయునది.

మీ ఉత్తరం షెడ్డులో చదివాను. మొదటి పేరా అయ్యేసరికి చేతులు ఆగాయి. రెండో పేరా దగ్గర మళ్ళీ కదిలాయి. తా.క. దగ్గర ఖాదర్‌బీ నన్ను ఆపమంది.

“భర్త పోయి నాలుగు రోజులు కాలేదు. నాలుగు నెలల పది రోజుల ఇద్దత్‌లో ఉన్న మనిషి గడప దాటి పోస్టాఫీసుకి ఎట్టా పోయింది?” అంది. రాణిగారి దేశంలో పోతారేమో గాని పొన్నూరులో పోరని ఆవిడ వాదన. మోకాలు మీ ఇద్దరికీ ఒకవైపే ఎట్టా నొచ్చిందని ఇంకొకామె అడిగింది. రెబ్కాది అయితే పాత మాటే, “శవం చూపించలేదుగా.”

తప్పుగా అనుకోవద్దమ్మా. నేను మాత్రం రెండువైపులా ఆలోచించాను. ఆయన పోయారంటే పరామర్శకి రావాలి. పోలేదంటే ఫాతిహాకి రావాలి. ఎట్టా చూసినా మినీ లారీ మాట్లాడక తప్పలేదు.

ఇంకోటి కూడా చెప్పుకోవాలి. అవతలి షెడ్డుకి ఆరుగురు పోయారు. మిగిలినవాళ్ళు ఆదివారం తర్వాత చూద్దామంటున్నారు. మీరు ఆయన పుస్తకాలు చదవరని ఆయనే ఒకసారి రాశారు, కాబట్టి ఇదంతా మీకు పిచ్చిగా ఉండొచ్చు. ఏం చేస్తాం, ఆయన పడేసిన మనిషి మా అందరికీ తెలిసినవాడు అయ్యాడు.

మీ అన్నలాంటివాడు,
జక్రయ్య

తా.క. ఆయన లేకపోతే ఈ ముక్క వదిలేయండి. ఉంటే మాత్రం, మేం వచ్చినప్పుడు లేవొద్దని చెప్పండి. మోకాలు జాగ్రత్త.


పొన్నూరు,
మార్చి 24

జక్రయ్య అన్నయ్యకి, ఈసారి నిజంగా జైతున్‌బీ రాయునది. రాత చూడండి, ఆయనంత బాగుండదు.

పోస్టుమాన్ మీ కవరు నా చేతికే ఇచ్చాడు. నాకు భర్త పోయిన సంగతి అది చదివాకే తెలిసింది. ఆయన అప్పుడు వసారాలో కూర్చుని మిరపకాయ బజ్జీలు తింటున్నారు.

“ఏమండీ, మీరు పోయారంటగా,” అన్నాను.

“ఎవరన్నారు?” అన్నారు.

“నేనేనంట.”

బజ్జీ పక్కన పెట్టారు. ఈ మనిషి బజ్జీ పక్కన పెట్టడం నేనెప్పుడూ చూడలేదు. అప్పుడన్నారు, “పడేయడం వచ్చు గాని జైతూ, వాణ్ణి ఆ లోయలోంచి పైకి తేవడం నాకు చేతకావట్లేదు. ఎట్టా తేవాలో తెలీక పోయాడంటున్నా.”

నాకు జాలేసింది. కోపం అంతకంటే ఎక్కువ వచ్చింది. “ఒక్క పేజీలో మిమ్మల్ని మీరు చంపుకున్నారు. పావురాన్ని తెచ్చారు. నన్ను ఇద్దత్‌లో పోస్టాఫీసుకి పంపారు. అంత పనిమంతుడికి ఒక మనిషిని పైకి లేపడం కష్టమా?” అన్నాను.

నేను చదవనని ఆయన అనుకుంటారు. ఆయన మధ్యాహ్నం కునుకు తీసినప్పుడల్లా చదివాను, ఆరు భాగాలూ. ఉప్పు తగ్గించింది అందుకే. మీ షెడ్డు ఆడవాళ్ళకి అది చదవగానే తెలిసింది, ఇంట్లో ఉన్న రచయితకి తెలీలేదు. మార్తాండుడు లేచేదాకా ఉప్పు పెరగదని నిన్ననే చెప్పాను.

ఆదివారం అందరూ రండి. అవతలి షెడ్డుకి పోయిన ఆరుగురినీ కూడా ఎక్కించుకు రండి. బియ్యం తేవద్దు, నేను వండుతాను. రెబ్కా ఆ నీళ్ళు సముద్రంలో కలిసే సంగతి ఆయన ముందు ఇంకోసారి చెప్పాలి. మీ పాత ఉత్తరంలోంచి నేను చదివి వినిపిస్తే గోడవైపు తిరిగి పడుకున్నారు గాని, కాసేపటికి “లోయలో నీళ్ళు వేడిగా ఉండాలేమో” అని గొణుక్కున్నారు. ఆ రోజుకి ఆయన ఎంత రాస్తే అంత, మీరు మా వసారాలోనే పైకి చదవాలి.

మీ చెల్లెలు,
జైతున్‌బీ

తా.క. శవం చూపించలేదన్నారుగా. వచ్చి చూసుకోండి. కిటికీ పక్కన కుర్చీలో ఉంది. ముందు తెల్లకాగితం పెట్టాను, నిద్రపోకుండా ఎదురుగా నేను కూర్చున్నాను.