మామయ్య రేడియో

అత్తయ్యా,

గురువారం మా సీరియల్ చూడకండి. ఇరుగుపొరుగును అసలే పిలవకండి.

మామయ్య రేడియో షూటింగయ్యాక చెయ్యిజారి పగిలిందని ఫోన్లో చెప్పాను. "పోనీలేరా, టీవీలో దాన్ని ఒకసారి చూసుకుంటా" అన్నారు మీరు. నేను చెప్పింది అబద్ధం.

సీన్లో అలమరలో పెట్టడానికి ఒక్కపూటకని మీ దగ్గర అడిగి తెచ్చాను. తీరా షాట్ ముందు, హీరో కోపంతో దాన్ని గోడకేసి కొడితే బాగుంటుందని డైరెక్టరుగారికి తోచింది. "ఏరా, ఇదెవరిది? పగలగొట్టొచ్చా?" అని నన్ను అడిగారు. డిగ్రీ అయ్యాక ఇక్కడ పైపనులు చూసే రన్నర్‌గా చేరి ఏడు నెలలు. టీ తెమ్మనడానికి కాకుండా ఆయన నా మొహం చూసి మాట్లాడడం అదే మొదటిసారి.

"పర్లేదు సార్, పాత సామానే" అన్నాను.

మీరు రోజూ దాన్ని కొంగుతో తుడిచే సంగతి నోటిదాకా వచ్చింది. మింగేశాను.

ముక్కలన్నీ ఏరి మూటగట్టాను. మొహం చెల్లక పోస్టులో పంపుతున్నాను. ఎన్ని తిట్టినా పడతాను. గురువారం మాత్రం టీవీ పెట్టకండి.

ఒక్క టేకులోనే ఓకే అయిందని అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను అత్తయ్యా.

మీ మేనల్లుడు