ఓడ పేరు

రాజోలు,
9-3-1984, శుక్రవారం

నా విజయకుమారికి,

ఈ రాత చూసి చిన్నపిల్లలెవరో రాశారనుకుంటావు. ఎడమ చేత్తో రాస్తున్నాను. కాకినాడ రేవులో పనుందని నీకు కబురు పంపింది అబద్ధం. పది రోజులుగా ఇక్కడ ఆస్పత్రిలో ఉన్నాను.

మా అమ్మిరాజు గారి జీడిపప్పు ఫ్యాక్టరీకి ఆఫ్రికా నుంచి ముడి పిక్కలు వస్తాయని నీకు తెలుసు. ఓడ పేరు, సరుకు అమ్మే ఆసామి పేరు, చేరే తారీఖు ఉన్న కాగితాలు నా బీరువాలోనే ఉండేవి. పోటీ ఫ్యాక్టరీ చిన్నబ్బాయి గారికి అవి తెలియకుండా చూడడమే నా ఉద్యోగం. ఎలాగో తెలిసిపోయాయి. ఆయన ఆ ఆసామికి టెలిగ్రాం కొట్టి, ఎక్కువ ధర ఇస్తానని, ఓడ రేవుకి రాకముందే సరుకంతా లాగేసుకున్నాడు.

అమ్మిరాజు గారు నన్ను పిక్కలు కాల్చే షెడ్డుకి పిలిపించారు. "ఎంతకి అమ్మేవురా సీమోనూ?" అన్నారు. "నేను కాదండి, దేవుడి తోడండి" అన్నాను. ఇద్దరు మనుషులు పట్టుకుని, నేను రాసే చేతిని మణికట్టు దాకా వేడి జీడి నూనెలో ముంచారు. నేను గొంతు చించుకుని అరుస్తుంటే ఆయన మళ్ళీ అదే ప్రశ్న అడిగారు. ఆస్పత్రిలో రెండు వేళ్ళు తీసేశారు విజయా. కట్టు విప్పినప్పుడల్లా చర్మం దాంతోపాటే ఊడొస్తోంది.

నాకు ఏడుపు రావడం లేదు, ఒళ్ళు మండిపోతోంది. అమ్మిరాజు గారు కాక ఆ పేర్లు తెలిసింది ముగ్గురికే. నాకు, కాగితాలు టైపు కొట్టిన కామేశ్వరరావుకి, జనవరిలో ఇంటికొచ్చినప్పుడు నేను చెప్పిన నీకు. నువ్వు చెప్పవు. ఆ ఆలోచన రానివ్వడం కూడా పాపం. ఇక మిగిలింది వాడే. పైగా బత్తాయిలు పట్టుకుని నన్ను చూడడానికొచ్చాడు, దొంగ వెధవ!

రేపు సాయంత్రం వాడు సైకిలు మీద గన్నవరం అక్విడెక్టు వంతెన దాటి ఇంటికి పోతాడు. బొండాలు కొట్టే కత్తి ఒకటి సంపాదించాను. ఎడమ చెయ్యి చాలు. నన్ను క్షమించమని అడగను.

నీ
సీమోను

కొత్తపేట,
14-3-1984
(అమలాపురం సబ్ జైలుకి)

ఏవండీ,

మీ ఉత్తరం సోమవారం అందింది. పోలీసులు ఆదివారమే వచ్చారు. కామేశ్వరరావు గారికి మెడ మీద మూడు దెబ్బలట. మేము చర్చిలో ఉన్న వేళకే ప్రాణం పోయిందట.

ఆ పేర్లు బయటపెట్టింది ఆయన కాదు. నేను.

మీరు ఎవరికీ చెప్పొద్దన్నారు, చెప్పలేదు. జనవరిలో మీరు వెళ్ళిన వారమే, బుధవారం చర్చి స్త్రీల కూటంలో ప్రార్థన చేశాను. మా కూటంలో ఏది అడిగినా పేరుపేరునా అడుగుతాం. పిల్లల పరీక్షలైతే హాల్ టికెట్ నెంబరు కూడా చెప్తాం. నేనూ లేచి, "తండ్రీ, ఓషన్ లిల్లీ ఓడని, సరుకు పంపే మొంబాసా కరీం గారిని కాపాడు, ఫిబ్రవరి ఇరవయ్యో తారీఖుకి కాకినాడ చేర్చు" అని ఏడుస్తూ అడిగాను. అందరూ ఆమేన్ అన్నారు. దేవుడికి చెప్పడం కూడా చెప్పడమేనని నాకు తోచలేదండీ. నా పక్కన మోకరించిన సత్తెమ్మ చిన్నబ్బాయి గారి ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతుంది. దాని పిల్లలకి నేను బళ్ళో టీచర్ని కదా, మన టీచరమ్మ గారి ఓడ వస్తోందని పేర్లతో సహా అక్కడ గొప్పగా చెప్పిందట. నిన్న నేను అడిగితే, "ఆయ్, నేనే చెప్పేనమ్మా, తప్పని తెలీదండీ" అని కాళ్ళు పట్టుకుంది.

అక్కణ్ణించి కామేశ్వరరావు గారి భార్య రాజేశ్వరమ్మ గారింటికి వెళ్ళి ఉన్నదంతా చెప్పాను. ఆవిడ నా జుట్టు పట్టుకుని తలని గుమ్మానికేసి కొట్టింది. నేను విడిపించుకోలేదు. నెత్తురు చూసి తనే వదిలేసి కూలబడింది. "చంపేముందు మీ ఆయన మిమ్మల్ని ఒక్క మాట అడగలేదాండీ?" అంది. ఆ నెత్తురుతోనే స్టేషనుకి పోయి, షెడ్డులో మీకు జరిగిందీ, నేను చేసిందీ రాసిచ్చాను.

నామీద మీకున్న నమ్మకానికి ఒకప్పుడు మురిసిపోయేదాన్ని. ఇప్పుడు అసహ్యం వేస్తోంది. మీరు నన్ను ఒక్కసారి అనుమానించి, బస్సెక్కి వచ్చి, చెంప పగలగొట్టి అడిగి ఉంటే, ఆయన బతికి ఉండేవారు.

మీ
విజయకుమారి